క్విల్ట్ ముక్కల డై కటింగ్ మెషీన్: ఒకపక్క పోగులు తెగట్లేదు, స్క్వేర్లు సమానంగా రావట్లేదు, బ్లేడుకి సాన పట్టించాలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది: మీరుండేది గుంటూరు బ్రాడీపేట. మీ అమ్మాయి అమెరికా నుంచి వస్తూ చేత్తో తిప్పే రోలర్ డై కటింగ్ మెషీన్, నాలుగున్నర అంగుళాల స్క్వేర్ డై (ఆ ఆకారంలో బ్లేడులు బిగించిన పలక), ఒక ట్రయాంగిల్ డై తెచ్చింది. మొదటి నెల చక్కగా తెగాయి. ఇప్పుడేమో ఒకపక్క పోగులు తెగకుండా వేలాడుతున్నాయి, స్క్వేర్ కొలిస్తే ఒకవైపు అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ వస్తోంది. బ్లేడుకి సాన పట్టించాలా, తొందరగా అవడానికి పది పొరలు పెట్టొచ్చా, అసలు మన మంగళగిరి, కలంకారీ గుడ్డలకి ఈ మెషీన్ సరిపోతుందా అని అడిగారు.

బ్లేడ్ జోలికి వెళ్లకండి. ముందు గుడ్డ మీద పెట్టే ప్లాస్టిక్ మ్యాట్ తిరగేయండి, పొరలు నాలుగుకి తగ్గించండి, గుడ్డ నిలువుపోగు రోలర్లలోకి వెళ్లే దిశలో ఉండేలా పరవండి. ఈ మూడూ చేస్తే మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ దాదాపుగా పోతాయి. గుడ్డలు సరిపోతాయి, కాకపోతే వాటిని తయారు చేసుకునే పద్ధతి వేరు. నేను విజయవాడ సింగ్ నగర్‌లో ఇంటి దగ్గరే ముగ్గురు ఆడవాళ్లతో కలిసి పసిపిల్లల బొంతలు, మంచం మీద పరిచే క్విల్టులు కుడుతున్నాను. మీ దగ్గరున్నలాంటి మెషీనే ఏడేళ్లుగా వాడుతున్నాం. ఈ ఏడేళ్లలో మెషీన్ చెడిపోయింది లేదు, ముక్కలు పాడైన ప్రతిసారీ కారణం మ్యాటో, గుడ్డో, మా తొందరో.

ముందు మెషీన్ ఎలా కోస్తుందో ఒకసారి కళ్లకి కట్టుకోండి, మిగతాదంతా దాన్నుంచే అర్థమవుతుంది. పైనొక రోలర్, కిందొక రోలర్, మధ్యలో సందు. ఆ సందు మనం మార్చేది కాదు. అడుగున డై బోర్డు, అందులో నిలబెట్టిన స్టీల్ బ్లేడులు, వాటిని కప్పుతూ ఫోమ్. ఫోమ్ మీద గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ మ్యాట్. ఈ దొంతర రోలర్ల మధ్యకి వెళ్లగానే మ్యాట్ గుడ్డని కిందికి నొక్కుతుంది, ఫోమ్ అణుగుతుంది, బ్లేడ్ పైకి వచ్చి గుడ్డని దాటుకుని మ్యాట్‌లోకి కొంచెం దిగుతుంది. అప్పుడే పోగు పూర్తిగా తెగుతుంది. దొంతర బయటికి రాగానే ఫోమ్ మళ్లీ పొంగి ముక్కని పైకి తోస్తుంది. అంటే తెగడానికి బ్లేడ్ పదును ఎంత ముఖ్యమో దొంతర మందం కూడా అంతే ముఖ్యం. అందుకే సాన వద్దన్నాను. సాన పడితే బ్లేడ్ ఎత్తు తగ్గిపోతుంది, ఆ తర్వాత ఎంత పదునుగా ఉన్నా మ్యాట్‌ని అందుకోదు. కత్తెరకి సాన పట్టినట్టు దీనికి కుదరదు.

ఇప్పుడు మీ అసలు సమస్య. తెగని చోటు ఎక్కడుందో పట్టుకోవడానికి నేను చేసే పరీక్ష చెబుతాను, పది నిమిషాల పని. పాత దుప్పటి ముక్క రెండు పొరలు పెట్టి ఒకసారి తిప్పండి. తెగని చోటికి ఎదురుగా మ్యాట్ మీద పెన్నుతో గుర్తు పెట్టండి. ఇప్పుడు డైని అలాగే ఉంచి మ్యాట్‌ని మాత్రం అటుది ఇటు తిప్పి, మళ్లీ కొత్త ముక్క పెట్టి నడపండి. తెగని చోటు మ్యాట్‌తో పాటు రెండో పక్కకి జరిగితే తప్పు మ్యాట్‌ది. ఆ చోట మ్యాట్ గాడి పడి లోతైపోయి ఉంటుంది. జరగకుండా డై మీద అదే మూలన ఉంటే డైది: ఆ బ్లేడ్ పక్కన దారాల ఉండ ఇరుక్కుని ఉండాలి, లేదా బ్లేడ్‌కి నొక్కు పడి ఉండాలి. ఇక ఏ డై పెట్టినా, ఏ మ్యాట్ పెట్టినా మెషీన్ ఎడమవైపే తెగట్లేదంటే దొంతర వంకరగా వెళుతోందని, లేదా అటువైపు పొరలు ఎక్కువయ్యాయని చూసుకోవాలి. మెషీన్ సంగతి అన్నిటికంటే ఆఖరున అనుమానించండి. మీరు మొదటి నెల బాగా తెగిందని, తర్వాత ఒకపక్కే పాడైందని రాశారు కాబట్టి నా అంచనా మ్యాటే. ఒక నెలపాటు ఒకే మ్యాట్‌ని ఒకే వైపు, ఒకే డై మీద, ఒకే చోట పెట్టి ఉంటారు. బ్లేడ్ ప్రతిసారీ అదే గాడిలో దిగి దిగి అక్కడ మ్యాట్ పల్చబడిపోయింది.

మ్యాట్ అరిగిపోయే వస్తువు అన్న సంగతి మెషీన్ అమ్మేవాళ్లు గట్టిగా చెప్పరు, మనకేమో అంత గట్టి ప్లాస్టిక్ అరుగుతుందని తట్టదు. రుబ్బురోలుకి గంట్లు కొట్టించినట్టు దీన్ని బాగు చేయించుకోలేం, మార్చుకోవాల్సిందే. కానీ చాలా రోజులు నిలుపుకోవచ్చు. మా ఇంట్లో ప్రతి రౌండ్‌కీ మ్యాట్‌ని బోర్లా తిప్పుతాం, రెండు రౌండ్లకొకసారి తల కిందకి, కాళ్లు పైకి మారుస్తాం. బోర్లా తిప్పడం ఎందుకంటే రోలర్ల కింద నలిగి మ్యాట్ విల్లులా వంగుతుంది, తిరగేస్తే రెండో రౌండ్‌లో మళ్లీ చదునవుతుంది. చిన్న డై మీద పెద్ద మ్యాట్ వేస్తే మధ్య భాగం ఒక్కటే అరిగి ఆ తర్వాత పెద్ద డైకి పనికిరాకుండా పోతుంది, కాబట్టి డై సైజు మ్యాట్ డైకే. మ్యాట్ నుంచి ప్లాస్టిక్ పొట్టు లేస్తున్నా, గోరు పెట్టి రాస్తే గాడిలో గోరు ఆగిపోతున్నా దాని పని అయిపోయినట్టే. కొత్తది వచ్చేలోగా పని ఆగకూడదనుకుంటే గాడి పడ్డ చోట, మ్యాట్ పైన, పెళ్లికార్డు మందం కాగితం ఒక్క ముక్క పెట్టి నడపొచ్చు. నేనూ చేశాను. రెండు మూడు కాగితాలు మాత్రం పెట్టకండి, హ్యాండిల్ బిగుసుకుంటే లోపలి పళ్ల చక్రాల మీద బరువు పడుతుంది.

పది పొరల సంగతి. అక్యూక్విల్ట్ గో అనే ఇలాంటి చేతి మెషీన్‌కి మామూలు క్విల్టింగ్ కాటన్ అయితే ఆరు పొరల వరకు అని కంపెనీయే చెబుతుంది. అది పై హద్దు, రోజూ అంతే పెట్టాలని కాదు. పది పెడితే పై రెండు మూడు పొరలు తెగవు, అడుగు పొరలు నలిగి జరుగుతాయి, మీ భుజం నొప్పి పుడుతుంది, మ్యాట్ ఒక్కరోజులో పాడవుతుంది. మేం నాలుగు పొరల మీద స్థిరపడ్డాం. జీన్స్ గుడ్డ అయితే ఒకటి, తప్పితే రెండు. కొత్త గుడ్డ ఏది వచ్చినా ముందు ఒక పొర, తర్వాత రెండు, తర్వాత నాలుగు, ఇలా పెంచుకుంటూ చూడండి. తిప్పేటప్పుడు మధ్యలో ఆపి వెనక్కి తిప్పొద్దు. వెనక్కి వచ్చినప్పుడు గుడ్డ మడత పడి అక్కడ రెండుసార్లు తెగుతుంది. ఒకే వేగంతో, ఒకే దిక్కుకి. పని అయిపోయాక డైని రోలర్ల మధ్య వదిలేసి లేచి వెళ్లడం కూడా చేయకండి, ఫోమ్ అక్కడే అణిగిపోయి మళ్లీ లేవదు.

ఇక స్క్వేర్ ఒకవైపు తక్కువ రావడం. ఇది మ్యాట్ తప్పు కాదు, పోగు తప్పు. నేతలో పడుగు, అంటే నిలువుపోగు, మగ్గం మీద బిగించి ఉంటుంది, పేక, అంటే అడ్డపోగు, దాని మధ్యలో పైకీ కిందకీ వంపులు తిరుగుతూ వెళుతుంది. అందుకే ఏ గుడ్డనైనా పట్టి లాగి చూడండి, పొడుగు వైపు సాగదు, పన్నా వైపు కొంచెం సాగుతుంది. రోలర్ గుడ్డని ముందుకి తోసుకుంటూ వెళుతుంది కదా, పేక ఆ దిక్కున ఉంటే సాగి, సాగిన స్థితిలో తెగుతుంది, బయటికి రాగానే ముడుచుకుంటుంది. కొలిస్తే ఆ వైపు అంగుళంలో ఎనిమిదో వంతు తక్కువ. మీకు వచ్చిన కొలత అచ్చంగా ఇదే. అంచుకి సమాంతరంగా వెళ్లే నిలువుపోగు రోలర్లలోకి వెళ్లే దిక్కున ఉండాలి. గుడ్డని ముందుగానే పట్టీలుగా కోసి పెట్టుకుంటే అంచు పోయి ఏది నిలువో ఏది అడ్డమో తెలియదు, మా దగ్గర మొదట్లో ఇదే గందరగోళం. ఇప్పుడు పట్టీ కోయగానే నిలువుపోగు వైపు సుద్దతో చిన్న బాణం గీస్తున్నాం.

కొన్ని డైల మీద ఆకారం బోర్డుకి ఏటవాలుగా ఉంటుంది. అది తయారీలో తప్పు కాదు. పొడుగు బ్లేడ్ రోలర్‌కి సమాంతరంగా ఉంటే ఆ బ్లేడ్ మొత్తం ఒక్కసారిగా రోలర్ కిందకి వచ్చి దడేల్‌మని తగులుతుంది, ఏటవాలుగా ఉంటే కొస నుంచి కొసకి మెల్లగా తెగుతుంది. అలాంటి డై మీద గుడ్డని బోర్డు అంచుకి కాదు, బ్లేడ్ అంచుకి సరిచూసి పరవాలి. ఫోమ్ కింద బ్లేడ్ సరిగ్గా కనిపించదు కాబట్టి నేను ఫోమ్ మీద బ్లేడ్ వెంబడి చెరిగిపోని మార్కర్‌తో గీత గీసుకున్నాను. దీనివల్ల గుడ్డ కూడా ఆదా అవుతుంది, ఆకారానికి పావు అంగుళం అటూ ఇటూ ఉండేలా పరిస్తే చాలు.

ఆదా మాట వచ్చింది కాబట్టి లెక్క చెప్పేస్తాను, ఎందుకంటే డై మెషీన్ గుడ్డ ఎక్కువ తింటుందన్న మాట నిజమే. 60 అంగుళాల వెడల్పు, 88 అంగుళాల పొడుగు బొంతకి, కుట్టాక నాలుగు అంగుళాలు కనిపించే స్క్వేర్లు అడ్డం 15, నిలువు 22, మొత్తం 330 కావాలి. రోటరీ కట్టర్‌తో సరిగ్గా నాలుగున్నర కోస్తే 44 అంగుళాల పన్నాలో వరసకి తొమ్మిది, అంటే 37 వరసలు, దాదాపు నాలుగుంపావు మీటర్లు. డైకి ముక్కకి అయిదు అంగుళాలు వదలాలి, వరసకి ఎనిమిదే వస్తాయి, 42 వరసలు, అయిదుంపావు మీటర్లు దాటుతుంది. మీటరు పైనే తేడా. వన్‌టౌన్ వస్త్రలతలో కొన్న మామూలు కాటన్ అయితే భరించొచ్చు, చేనేత అయితే బాధే. అందుకే చేనేత గుడ్డకి స్క్వేర్లు, పట్టీలు నేను ఇప్పటికీ రోటరీ కట్టర్‌తోనే కోస్తాను. జపాన్‌లో ఓల్ఫా కంపెనీ 1979లో తెచ్చిన ఆ గుండ్రటి బ్లేడ్ కట్టర్, ఒక పొడుగు స్కేల్, ఒక మ్యాట్ ఉంటే నేరుగా ఉండే ముక్కలకి అంతకంటే ఏమీ అక్కర్లేదు. డై అసలు విలువ ట్రయాంగిళ్లలో, షడ్భుజాల్లో, వంపు ముక్కల్లో తెలుస్తుంది. కుట్టాక మూడు అంగుళాలు వచ్చే హాఫ్ స్క్వేర్ ట్రయాంగిల్ చేత్తో కోయాలంటే మూడు అంగుళాల ఏడు ఎనిమిదో వంతుల స్క్వేర్ కోసి ఐమూలగా చీల్చాలి. నలుగురు కోస్తే నాలుగు కొలతలు వస్తాయి. డై అయితే కొసలు కూడా తానే నరికి ఇస్తుంది, రెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి పెడితే అంచులు కలుస్తాయి. మాలో ఒకామెకి మణికట్టు నొప్పి, కత్తెర పట్టలేదు, కానీ ఈ హ్యాండిల్ తిప్పగలదు. నలుగురి చేతుల పని ఒకే కొలతలో రావడం, కత్తెర పట్టలేని మనిషి కూడా పనిలో ఉండగలగడం, నా వరకు ఈ మెషీన్ ఇంట్లో ఉండటానికి కారణాలు ఇవే. ఏడాదికి ఒక్క బొంత కుట్టుకునేవాళ్లకైతే కొనమని చెప్పను. అమ్మమ్మలు పాత నూలు చీరలు నాలుగు పొరలు పరిచి పొడుగు టాకా వేసి కుట్టిన బొంతకి ఏ డై కావాలి?

మన గుడ్డల తయారీ గురించి కొంచెం వివరంగా రాస్తాను, మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చింది అదే. అమెరికాలో వాడే క్విల్టింగ్ కాటన్ కొంచెం మందంగా, బిగువుగా, ఫినిషింగ్‌తో వస్తుంది. మంగళగిరి నూలు గుడ్డ పల్చన, మెత్తన. పెడన కలంకారీ అచ్చు గుడ్డ కూడా ఒక ఉతుకు అయ్యాక వాలిపోతుంది. మెత్తటి గుడ్డ ఫోమ్ మీద నిలబడదు, రోలర్ తగలగానే ముడత పడుతుంది. దీనికి మందు గంజి. మొదట గుడ్డని ఉతికేయండి, ముడుచుకునేది ముడుచుకుపోతుంది, రంగు పోయేది పోతుంది. కలంకారీ ఎరుపు, నీలం విడిగా ఉతకండి, తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగడం ఆగిందాకా ఉతకండి, లేకపోతే కుట్టిన బొంత మొదటి ఉతుకులోనే తెల్ల ముక్కలన్నీ గులాబీ రంగుకి తిరుగుతాయి, మాకు ఒక ఆర్డర్ అలా పోయింది. తర్వాత సగ్గుబియ్యం గంజి పల్చగా కాచి, వడకట్టి, గుడ్డ ముంచి పిండి, నీడన ఆరేయండి. కొంచెం చెమ్మ ఉండగా ఇస్త్రీ చేయండి, పోగు దిక్కునే ఇస్త్రీ పెట్టె నడపాలి, ఐమూలగా లాగకూడదు. కాగితంలా కొద్దిగా పెళపెళలాడితే చాలు. గంజి చిక్కనైతే పొడిగా రాలి ఫోమ్‌లో చేరుతుంది. ఇస్త్రీ అయ్యాక పూర్తిగా ఆరనివ్వండి, చెమ్మ గుడ్డ డై మీద పెడితే బ్లేడ్ తుప్పు పడుతుంది. గంజి పెట్టిన ముక్కల్ని నెలల తరబడి నిల్వ ఉంచకండి, పురుగు పడుతుంది, బొంత పూర్తయ్యాక ఉతికేస్తే గంజి పోతుంది.

మంగళగిరి గుడ్డకి నిజాం అంచు ఉంటుంది కదా. జరీ ఉన్న అంచు ఏదైనా డై మీద పెట్టకండి, ముందే కోసి పక్కన పెట్టండి. జరీ, చమ్కీ, గుండుసూది, పాత చీర ఫాల్‌లో మిగిలిపోయిన పిన్ను, ఇవి బ్లేడ్‌కి నొక్కు పెడతాయి. ఒకసారి నొక్కు పడితే ఆ చోట ప్రతి ముక్కకీ రెండు మూడు పోగులు మిగిలిపోతాయి, జీవితాంతం కత్తెరతో కొసరు కోసుకుంటూ ఉండాలి. మా ట్రయాంగిల్ డైకి అలాంటి నొక్కు ఒకటుంది, ఒక పాత చీరలో దాగి ఉన్న పిన్నీసు వల్ల. పాత చీరలు కోసే ముందు ఇప్పుడు అయస్కాంతం పైనుంచి ఒకసారి నడిపిస్తాం.

పొరలు పరిచేటప్పుడు ముఖం ఎటు అన్నది చూసుకోండి. స్క్వేర్‌కి, మీ ట్రయాంగిల్‌కి దీనితో పని లేదు. కానీ రేపు ఒకపక్కకి వాలిన దీర్ఘచతురస్రం లాంటి ముక్కల డై కొంటే, గుడ్డని విసనకర్ర మడతల్లా మడిచి పెడితే సగం ముక్కలు అద్దంలో చూసినట్టు తిరగబడి వస్తాయి. కొన్ని డిజైన్లకి అవే కావాలి, కొన్నిటికి అవి దండగ. కలంకారీ నెమళ్లు, ఏనుగులు ఉన్న గుడ్డ అయితే ఇంకా జాగ్రత్త, తల కిందులైన నెమలి కుట్టాకగానీ కనిపించదు.

కొలతలు సరిగ్గా తెగినా కుట్టాక బ్లాక్ (ముక్కలు కలిపి కుట్టిన ఒక గడి) కలవట్లేదని చాలామంది డైని తప్పుపడతారు. డైలో కుట్టుకి చుట్టూ పావు అంగుళం కలిపే ఉంటుంది, మీ నాలుగున్నర డై కుట్టాక నాలుగే. మన ఉషా, మెరిట్ మెషీన్ల మీద బ్లౌజులు కుట్టే అలవాటుతో కుట్టు కొంచెం ఎక్కువ లోపలికి వెళుతుంది. ఒకటిన్నర అంగుళాల పట్టీలు మూడు తీసుకుని పక్కపక్కన కుట్టి ఇస్త్రీ చేయండి. మధ్య పట్టీ సరిగ్గా ఒక అంగుళం ఉండాలి. తక్కువుంటే మీ కుట్టు లోపలికి పోతోందని అర్థం. సూది నుంచి పావు అంగుళం కొలిచి ప్లేట్ మీద టేపు ముక్క అంటించి, గుడ్డ అంచు దాన్ని తాకుతూ నడపండి.

శుభ్రం చేయడం పెద్ద పనేం కాదు, కానీ మానకూడదు. పని ముగిశాక డైని బోర్లించి చేత్తో తట్టండి, బట్టల మీద దుమ్ము తీసే జిగురు రోలర్ ఫోమ్ మీద నడపండి, బ్లేడ్ పక్క సందుల్లో దారపు ఉండల్ని వెదురు పుల్లతో తీయండి. ఇనుప సూది వద్దు, వేలు అసలే వద్దు. ఫోమ్ మెత్తగా కనిపిస్తుంది కానీ నొక్కితే కింద కత్తి ఉంది, పిల్లలున్న ఇంట్లో పైన షెల్ఫ్‌లో పెట్టాలి. రోలర్లని పొడిగుడ్డతో తుడవండి, మరీ జిడ్డుగా ఉంటే కొంచెం తడిపిన గుడ్డతో. కుట్టు మెషీన్‌కి వేసినట్టు రోలర్ల మీద నూనె వేయొద్దు, డై జారుతుంది, గుడ్డకి మరకలు అంటుతాయి.

దాచడం విషయంలో మా అనుభవం కష్టమైనది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు నీళ్లు సింగ్ నగర్ మీద పడ్డప్పుడు మేం మెషీన్‌ని, కుట్టిన బొంతల్ని మోసుకుని డాబా మీదకి వెళ్లాం. డైలు కింది అరలో ఉన్నాయి, అయిదు మునిగిపోయాయి. నీళ్లు తీశాక చెక్క బేస్ ఉన్న రెండు ఉబ్బిపోయి రోలర్ల మధ్యకి వెళ్లనే లేదు. బలవంతంగా తిప్పుదామని ఒకరన్నారు, నేను ఒప్పుకోలేదు, మెషీన్ కూడా పోయేది. మిగతా మూడింటినీ మంచినీళ్లు పోసి బురద కడిగి, ఫ్యాన్ కింద రెండు రోజులు ఆరబెట్టి, బ్లేడ్ తుప్పుని పొడిగుడ్డతో ఓపిగ్గా తుడిచాం. ఒకదాని ఫోమ్ ఊడింది. రెండు దక్కాయి, వాటితో మొదట పాత దుప్పటి ముక్కలు ఇరవై రౌండ్లు కోశాకగానీ మరకలు ఆగలేదు. అప్పటి నుంచి డైలన్నీ పై అరలో, పుస్తకాల్లా నిలబెట్టి, ఒక్కోటి ప్లాస్టిక్ కవర్‌లో సిలికా జెల్ పొట్లంతో ఉంటాయి. ఒకదాని మీద ఒకటి పేర్చకండి, కింది వాటి ఫోమ్ అణిగిపోతుంది. మ్యాట్‌లు మాత్రం పరిచినట్టే ఉంచాలి. మే నెలలో అటక మీద పెట్టినా, కిటికీ ఎండలో వదిలినా వంకర పోతాయి.

మెషీన్‌ని టేబుల్ మీద, నడుం ఎత్తులో పెట్టి నిలబడి తిప్పండి. నేల మీద పీట వేసుకుని కూర్చుని తిప్పితే బలమంతా భుజం నుంచే రావాలి, వారంలో నొప్పి మొదలవుతుంది.

మీ అమ్మాయి వచ్చే ఏడాది కరెంటుతో నడిచేది తెస్తానంటోందని రాశారు. తేవద్దనను, కానీ లేబుల్ చూసి తెమ్మనండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్, మనది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. లేబుల్ మీద 110 నుంచి 120 అని మాత్రమే ఉంటే నేరుగా మన ప్లగ్గులో పెట్టగానే మోటార్ కాలిపోతుంది, మాకు తెలిసిన ఒకావిడ మెషీన్ అలాగే మొదటి రోజే పోయింది. పిన్ను మార్చే అడాప్టర్ వేరు, వోల్టేజి తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వేరు. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా వోల్టేజి తగ్గుతుంది కానీ హెర్ట్జ్ మారదు. 220 నుంచి 240 అని రాసి ఉన్నది దొరికితేనే తెమ్మనండి. కరెంటు మెషీన్ వాడేటప్పుడు కొంగు, చున్నీ నడుముకి దోపుకుని, జడ వెనక్కి వేసుకోండి. నాకైతే చేతి మెషీనే ఇష్టం, బరువు ఎక్కువైతే హ్యాండిల్ చెబుతుంది, చెయ్యికి తెలుస్తుంది, మోటార్ ఆ మాట చెప్పదు.

చివరగా, ఇక్కడే డై చేయించొచ్చా అని అడిగారు. చేస్తారు. పెళ్లికార్డులకి, స్వీట్ బాక్సులకి డైలు చేసేవాళ్లు విజయవాడలో ఉన్నారు, ప్లైవుడ్‌లో గాడి కోసి స్టీల్ రూల్ అనే పదునైన స్టీల్ పట్టీని వంచి బిగిస్తారు. కానీ ఆ పరిశ్రమలో మామూలుగా వాడే రూల్ ఎత్తు 23.8 మిల్లీమీటర్లు, మన మెషీన్ సందుకి అది కుదరదు. పైగా బ్లేడ్ పక్కన చిన్న రబ్బరు ముక్కలే అంటిస్తారు, గుడ్డకి అవి చాలవు, ముక్క లోపల ఇరుక్కుంటుంది. నేను షడ్భుజం డై చేయించి, బాక్సులు పంచ్ చేసే ప్రెస్ దగ్గరికే గుడ్డ తీసుకెళ్లి కోయించాను, లోపలంతా ఫోమ్ నింపమన్నాక బాగా వచ్చింది. వందల ముక్కలు ఒకేసారి కావాలంటే అది దారి. మీకు వేయించాలనుకుంటే గీత గీసి ఇచ్చేటప్పుడు కుట్టుకి పావు అంగుళం చుట్టూ కలిపి గీయండి. వాళ్లు గీతని గీతలాగే చేస్తారు, కుట్టు సంగతి వాళ్లకి తెలియదు. నా మొదటి డై ఆ పావు అంగుళం కలపకుండా ఇచ్చినందుకు చిన్నదై, పసిపిల్లల బొంతలకే సరిపోయింది.

మ్యాట్ పరీక్ష చేశాక తెగని చోటు జరిగిందో లేదో ఇక్కడే రాయండి, డై మీదే ఉందంటే ఫోటో పెట్టండి, దారపు ఉండో నొక్కో చూసి చెబుతాను.